అమెరికా బండికి లారీ కమాన్లు

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి అడ్డం వస్తే చిరుతపులి అంటాను, నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను. ఇంట్లో వాళ్లు నా మాటలో సగం తీసేసి వింటారు. మిగిలిన సగాన్ని నా భార్య జల్లెడ పడుతుంది. ఈ అలవాటు మాన్పించాలని చూసినవాళ్లంతా ఆ ప్రయత్నంలోనే ముసలివాళ్లైపోయారు. మీరూ మీకు తోచినంత తగ్గించుకుని చదవండి, నేనేమీ అనుకోను.

మా బాపు, అంటే మా నాన్న, మిషన్ దవాఖానలో అమెరికా డాక్టరమ్మకు డ్రైవరు. ఆమె ఉద్యోగం ముగించుకుని తన దేశం వెళ్లిపోతూ, ఇన్నేళ్లు తనను తిప్పిన కారును బాపుకే ఇచ్చి పోయింది. ఆ కారు ఎంత పొడవంటే, చొప్పదండిలో మా ఇంటి ముందు నిలబెడితే మూతి మా వాకిట్లో, తోక పక్కింటివాళ్ల వాకిట్లో ఉండేది. పక్కింటావిడ పొద్దున్నే తన వాకిలి చల్లి, మా డిక్కీ చుట్టూ కూడా ముగ్గు పెట్టేది. వెనక రెండు వైపులా చేప రెక్కల్లాంటివి లేచి ఉండేవి; వాటిని చూసి ఎద్దులు బెదిరి బండ్లను పొలాల్లోకి లాక్కుపోయేవి. వెనక సీటు పెద్ద నులకమంచమంత. డిక్కీలో కొత్త దంపతులు కాపురం పెట్టి, ఒక బిడ్డ పుట్టేదాకా ఇబ్బంది లేకుండా ఉండవచ్చు.

ఆ బండి అసలు గొప్పతనం దాని మెత్తదనం. డాక్టరమ్మ కాలంలో నొప్పులు మొదలైన ఆడవాళ్లను పల్లెల నుంచి అందులోనే దవాఖానకు తెచ్చేవారు. బాపు నడిపితే కడుపులో బిడ్డ కూడా మేలుకోదని చుట్టుపక్కల పేరు. ఆ పేరును బాపు ఎప్పుడూ కాదనలేదు, అవునని కూడా అనలేదు. ఆయన మాటల విషయంలో నాకు పూర్తిగా వ్యతిరేకం. నేను ఒకటి జరిగితే పది చెబుతాను, ఆయన పది జరిగితే ఒకటి చెప్పి, అది కూడా ఎందుకు చెప్పానా అని బాధపడేవాడు.

దవాఖాన ఉద్యోగం ముగిశాక బాపు ఆ కారును పెళ్లిళ్లకు కిరాయికి తిప్పాడు. పెళ్లివాళ్లు కారు ఎక్కిన తీరు ఎలా ఉండేదంటే, లోపల చోటు లేనివాళ్లు లోపలివాళ్ల మీద ఎక్కేవారు. ఎనభైల నాటికి బండి వెనక భాగం కుంగిపోయింది. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టను మా వైపు కమాన్ అంటారు. విల్లులా వంగి ఉండాల్సిన ఆ పట్టీలు గీత గీసినట్టు చదునైపోయాయి. దాంతో బండి మూతి ఆకాశం చూస్తూ, తోక నేలను నాకుతూ పోయేది. చిన్న గతుకు వచ్చినా పొగగొట్టం రోడ్డును గీసి నిప్పురవ్వలు రాల్చేది. అయినా మెత్తదనం మాత్రం పోలేదు. కుంగిన కొద్దీ ఇంకా మెత్తనైంది.

ఆ రోజుల్లోనే మా అవ్వ, అంటే మా అమ్మ, నీళ్ల బిందెతో జారి పడింది. నడుము పట్టేసింది. ఏడాదికి పైగా మంచం మీదే. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, సగం ఒరిగి పడుకుంటేనే కొంత నయం. కరీంనగర్‌లో ఎముకల డాక్టరు బస్సు ఎక్కవద్దని గట్టిగా చెప్పాడు. అవ్వ కూడా ఎక్కుతానని అడగలేదు, చిన్నమ్మ బిడ్డ పెళ్లి కుదిరేదాకా.

చిన్నమ్మ అంటే అవ్వ చెల్లెలు. జైనూరులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. భర్త పోయినప్పుడు చేతిలో పసిబిడ్డ, కొత్త ఉద్యోగం. ఆ బిడ్డను అవ్వ తెచ్చుకుని, బడికి పోయే వయసు వచ్చేదాకా సాకింది. నాకంటే దానికే పాలు ఎక్కువ పోసిందని నా పాత ఫిర్యాదు ఒకటి ఇప్పటికీ పెండింగులో ఉంది. ఆ పిల్ల పెళ్లి జైనూరు చర్చిలో, కోతలైన వెంటనే. కబురు తెలిసిన రోజు అవ్వ ఏడవలేదు, బతిమాలలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఒకే మాట అంది.

"నేను లేకుండ దాని పెండ్లి అయితే, నేను బతికి ఉన్నట్టా, సచ్చినట్టా?"

"బండి ఉన్నది గదా" అన్నాడు బాపు.

బండి ఉంది. కానీ జన్నారం దాటాక అడవి, ఎత్తుపల్లాలు, తేలిన రాళ్లు. ఆ కుంగిన తోకతో పోతే సగం దారిలో ఇరుసు ఊడి అడవిపందుల పాలవుతుందని బాపు భయం. అవ్వను జాగ్రత్తగా తీసుకుపోవాలన్న ఒకే ఒక్క ఉద్దేశంతో, వెనక కమాన్లు బలంగా చేయించాలని నిర్ణయించుకున్నాడు. నేను అప్పుడు ఆదిలాబాద్‌లో గుమాస్తాను. కోతల సెలవు పెట్టి వచ్చినందుకు నన్నూ వెంట తీసుకుని కరీంనగర్‌లో లారీల షెడ్డుకు పోయాడు.

అక్కడి ఉస్తాద్ బండి కిందికి దూరి, ఒక చుట్ట కాలేంతసేపు లోపలే ఉండి, బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

"పెద్దాయనా, గిది ఇనుము గాదు, పాపడ్. దీని జాగల లారీ కమాన్లు ఏస్త. మనం పోయినంక గూడ అవి ఉంటయ్."

తను పోయాక కూడా ఉండే వస్తువు అంటే బాపుకు మహా గౌరవం. వెంటనే తల ఊపాడు. నేను నసుగుతూ, ఇందులో నడుము నొప్పి మనిషి ప్రయాణం చేయాలి, జర మెత్తగా ఉండాలని చెప్పాను. ఉస్తాద్ నన్ను జాలిగా చూశాడు.

"మెత్తదనం సీటుకు ఉంటది బేటా. కమాన్‌కు ఎందుకు?"

పాత లారీ కమాన్ పట్టీలు తెచ్చి, కొలతకు కోసి, రంధ్రాలు వేసి, బోల్టులు బిగించి, సాయంత్రానికి బండిని కిందికి దించారు. దించారని అనుకున్నాం గానీ, వెనక భాగం దిగలేదు. అంతదాకా ఆకాశం చూసిన బండి ఇప్పుడు తలొంచుకుని, రోడ్డు మీద పడిపోయిన పైసను వెతుక్కుంటున్నట్టు నిలబడింది.

తిరిగి చొప్పదండి వస్తుంటే ఆ రోడ్డు మీద ఎన్ని గులకరాళ్లు ఉన్నాయో నా వెన్నుపూస ఒక్కొక్కటిగా లెక్క రాసుకుంది. తమలపాకు మీద నుంచి పోయినా ఈనె ఎటువైపు ఉందో తెలిసేది. నా తల టాపుకు తగిలిన చోట ఇప్పటికీ వెంట్రుకలు లేవు. బాపు స్టీరింగును రెండు చేతులా పట్టుకుని నాకు ధైర్యం చెప్పాడు.

"కొత్తయి గదా. సర్దుకుంటయ్."

కొత్త చెప్పులు కరిస్తే చెప్పే మాట అది. అవి సర్దుకోవాలని బాపు రోజూ పొద్దున్నే ఖాళీ బండిని ధర్మారం రోడ్డు మీద తిప్పి తెచ్చేవాడు. సర్దుకున్నది మా ఊరివాళ్లే. బండి చప్పుడు వినగానే అరుగుల మీద గిన్నెలు చేత్తో పట్టుకోవడం నేర్చుకున్నారు.

తర్వాత ఒకనాడు అవ్వను ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టి, వీధి చివరిదాకా పోయి చూశాం. చివర మురికి కాలువ మీద చిన్న మోరీ ఉంది. బండి దాని మీదికి ఎక్కి దిగింది, అంతే. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ ముఖం బూడిద రంగులో ఉంది.

"ఆపు" అంది. కొంచెం ఊపిరి తీసుకుని, "నన్ను దింపుర్రి" అంది.

బాపు దింపాడు. మంచం దాకా మోసుకుపోయాం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు, వెనకే నేను. పాత కమాన్లు మళ్లీ బిగించడం తప్ప దారి లేదు. ఆ పాత కమాన్లు ఎక్కడున్నాయన్నదే చిక్కు. షెడ్డు నుంచి వాటిని బాపు డిక్కీలో వేసుకుని వచ్చిన మాట నిజమే. కానీ మా వైపు పాత కమాన్ పట్టీ ఎవరింట్లోనూ రెండు రాత్రులు నిద్ర చేయదు. కొడవలికి అంతకంటే మంచి ఇనుము లేదు. కోతలు దగ్గర పడుతున్నాయి, కమ్మరి వచ్చి అడిగాడు, బాపు ఇచ్చేశాడు. ఊళ్లో అందరూ చేసే పనే చేశాడు.

మేం పోయేసరికి కమ్మరి కొలిమి దగ్గర ఉషారుగా ఉన్నాడు.

"అవి కోతకు పోయినయ్ కాకా" అన్నాడు. "ఒక్కటి గూడ మిగల్లే. పట్టీ పట్టీకి కొడవండ్లు జేసిన."

బాపు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కమ్మరి దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఏం ఇనుము కాకా అది. అమెరికోళ్లకు తెల్వక బండి కింద పెట్టిండ్రు గని, అది కొడవండ్లకే పుట్టింది."

తిరిగి వస్తుంటే దారి పొడుగునా పొలాల్లో ఆడవాళ్లు వరుసగా వంగి వరి కోస్తున్నారు. డాక్టరమ్మను ఊరూరా తిప్పిన మెత్తదనమంతా ఇప్పుడు వాళ్ల చేతుల్లో మెరుస్తోంది. బాపు గట్టు మీద నిలబడి చూశాడు. ఒకామె నడుము ఎత్తి, ఈ యేడు కొడవళ్లు వెన్నలో దిగినట్టు దిగుతున్నాయని, బాపు పుణ్యమేనని దండం పెట్టింది. ఆయన తిరిగి దండం పెట్టాడు. ఇంకేం చేయగలడు?

హైదరాబాద్‌లో పాత సామాన్ల బజారుకు కబురు చేశాం. అలాంటి బండినే చూడక చాలా ఏళ్లయిందని జవాబు వచ్చింది. మళ్లీ ఉస్తాద్ దగ్గరికి పోయాం. కట్టలోంచి రెండు పట్టీలు తీసేశాడు. అప్పుడు తోక ఒక పక్కకు ఒరిగి, చక్రం రేకును రాసుకుని టైరు కాలిన వాసన వచ్చింది. మళ్లీ పెట్టాడు. తన పనిలో తప్పుందని మాత్రం ఒప్పుకోలేదు.

"లారీ కమాన్ లారీ బరువు అడుగుతది పెద్దాయనా. ఖాళీగ తిప్పితే దానికి కోపమొస్తది" అన్నాడు.

ఇంటికి వచ్చి బాపు ఈ మాట దిగులుగా చెప్పాడు. మంచం మీద నుంచి అవ్వ తల తిప్పింది.

"బరువే గదా అడిగింది. బరువుకేం కరువు?"

మొదట వడ్ల బస్తాలు వేశాం. నిజంగానే తోక దిగింది, దూకుడు తగ్గింది. కానీ గతుకు వచ్చినప్పుడల్లా బస్తాలు ఎగిరి, బండి కంటే ఒక క్షణం ఆలస్యంగా కిందపడి, ఆ దెబ్బ సీటులోంచి నేరుగా అవ్వ నడుముకు వచ్చేది. అవ్వ మళ్లీ తనే తేల్చింది. బస్తాలకు పట్టుకునే చేతులుండవు, మనుషులను ఎక్కించుర్రి అని.

ఈ మాట వాడకట్టులో పాకడానికి పొయ్యి అంటుకునేంత సేపు కూడా పట్టలేదు. మా దగ్గర ఒక ఇంటివాళ్లు పెళ్లికి పోతుంటే వీధంతా బయలుదేరడం ఎప్పుడూ ఉన్నదే. అయితే ఎప్పుడూ చోటు లేదని మిగతావాళ్లను దింపేవారు. ఈసారి బరువు లేదని దింపాల్సి వచ్చింది. సన్నగా ఉన్నవాళ్లు చిన్నబుచ్చుకున్నారు. మా మామ, అంటే అవ్వ తమ్ముడు, ఒక్కసారిగా గొప్పవాడైపోయాడు. మామ బస్సు ఎక్కితే కండక్టరు ఆ పక్కవాళ్లందరినీ ఈ పక్కకు జరిపేవాడు. జీవితమంతా తన ఒంటి మీద ఎగతాళి విన్న మనిషికి, ఆ వారం నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు దారి ఇచ్చి, తిన్నావా అని మర్యాదగా అడిగారు. అతని భార్య, మా అత్త, వెదురు పుల్ల. ఆమెను వద్దంటే ఒప్పుకోలేదు.

"నా బరువు సాలకుంటె ఒళ్లె రోలు పెట్టుకుంట" అంది.

అన్నంత పనీ చేసింది. పెళ్లికూతురికి ఇవ్వడానికి కొన్న కొత్త రోలు ఒడిలో పెట్టుకుని, అవ్వ కాళ్ల దగ్గర కింద కూర్చుంది. వెనక సీటుకు ఒక చివర మామ. అతని తొడ మీద తల పెట్టి అవ్వ ఒరిగింది. డిక్కీ మూతను తాడుతో పైకి కట్టి, అందులో వాడకట్టులోకెల్లా పుష్టిగల నలుగురు కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నారు. ముందు సీట్లో బాపు, నేను, మా చర్చి అయ్యగారు. అయ్యగారు ప్రార్థన కోసం వస్తున్నానన్నారు గానీ, ఆయనను పిలిచింది ఆయన పొట్టను చూసే.

తెల్లవారుతుండగా బయలుదేరాం. రాయపట్నం దగ్గర గోదావరి దాటేదాకా బండి పెళ్లికొడుకును మోసే గుర్రంలా నెమ్మదిగా నడిచింది. లక్సెట్టిపేటలో చాయ్ కోసం ఆగినప్పుడు తెలిసింది అసలు సంగతి. డిక్కీలో నలుగురూ ఒక్కసారే దూకారు. బరువు తగ్గిన తోక ఎగిరి పైకి లేచింది. అవ్వ మామ తొడను పట్టుకున్న పట్టుకు అతనూ కేక వేశాడు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: దిగేవాళ్లు ఒక్కొక్కరే, చంటిబిడ్డను పక్కలో పెట్టి లేచినట్టు లేవాలి. మామ అయితే అసలు దిగకూడదు. పాపం ఆ మనిషి లక్సెట్టిపేట చాయ్‌ని జైనూరు దాకా మోశాడు.

జన్నారం దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు. కారు తోక అంత కిందికి దిగి ఉండడం చూసి గార్డు, లోపల టేకు దుంగలున్నాయని నిశ్చయించుకున్నాడు. డిక్కీ వైపు వచ్చి చూస్తే నలుగురు మనుషులు నమస్కారం పెట్టారు. వాళ్ల కింద దాచారేమోనని, అందరినీ దిగమన్నాడు. బాపు చేతులు జోడించాడు, వెనక ఆడమనిషి నడుము సంగతి చెప్పబోయాడు, మాట పూర్తి కాలేదు. ఆయనకు వాదించడం రాదు. నాకు వాదించడం వచ్చు గానీ నన్ను ఎవరూ నమ్మరు. మమ్మల్ని గట్టెక్కించింది మామే. కిటికీలోంచి తల బయటపెట్టి, చాలా గంభీరంగా చెప్పాడు.

"సార్, మేం దిగేటోళ్లం గాదు. మేం సామాను."

గార్డు కిటికీలోంచి లోపలికి వంగి, అవ్వను చూశాడు, ఆమె కాళ్ల దగ్గర రోలు ఎత్తుకుని కూర్చున్న అత్తను చూశాడు. ఇంకేం అడగకుండా దారికి అడ్డంగా ఉన్న కట్టె పైకెత్తాడు.

జన్నారం దాటాక అవ్వ నిద్రపోయింది. ఉట్నూరు వచ్చినా లేవలేదు. ఆ గుట్టల మీద, ఆ రాళ్ల మీద, అంత బరువుతో బండి డాక్టరమ్మ కాలం నాటి మెత్తదనంతో నడిచింది. జైనూరులో హాస్టలు గేటు ముందు ఆగినప్పుడు కళ్లు తెరిచి, అప్పుడే వచ్చినమా అని అడిగింది.

మరునాడు చర్చిలో మొదటి వరుస బెంచీ తీయించి, అక్కడ మంచం వేశారు. పెళ్లికూతురు లోపలికి రాగానే పాస్టరు దగ్గరికి పోకుండా ముందు ఆ మంచం దగ్గరికి వచ్చి మోకరించింది. అవ్వ దాని నెత్తిమీద చేయి పెట్టి, ముసుగు సరిచేసి, పో అన్నట్టు సైగ చేసింది. చిన్నమ్మ ఏడ్చింది. మామ ఏడిస్తే బెంచీ కదిలింది.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. రోలు నిజం. కొడవళ్లు నిజం, మా వైపు ఊళ్లల్లో వాటితో చాలా ఏళ్లు కోశారు. మామ సామాను అయిన మాట కూడా నిజమే. నా పద్ధతి ప్రకారం అన్నిటినీ కొంచెం లాగి సాగదీశాను, అంతకు మించి చేయలేదు. ఇందులో లేనిది పుట్టించింది ఒక్కటే. జన్నారం దాటాక అవ్వ నిద్రపోలేదు.

కొంగు మడిచి పళ్ల మధ్య పెట్టుకుంది. జన్నారం నుంచి జైనూరు దాకా అది తీయలేదు. ఎంత బరువు ఎక్కించినా లారీ కమాన్ లారీ కమానే. ప్రతి రాయికీ ఆమె వేళ్లు మామ ముంజేతిలో దిగేవి. అతను ఆ చేయి కదపలేదు. ఉట్నూరు దగ్గర నేను ఉండలేక, బాపూ ఆపు అన్నాను. అవ్వ కొంగు తీసి, "ఆపకు. ఆపితే మల్ల ఎక్క" అంది. ఆగడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. అయ్యగారు పాట అందుకున్నారు. డిక్కీలో వాళ్లు కూడా అందుకున్నారు. వెనక నుంచి వచ్చే చప్పుడు వినపడకుండా మేమంతా గొంతులు చించుకుని పాడాం. బాపు మాత్రం పాడలేదు. ఎద్దులబండి కంటే నెమ్మదిగా నడుపుతూ, వెనక సీటు కనిపించే అద్దాన్ని చేత్తో పక్కకు తిప్పేశాడు.

జైనూరు కనపడగానే అవ్వ ముఖం తుడిపించుకుంది, తల దువ్వించుకుంది. "బిడ్డ ముంగట ఎవ్వలు ఏం అనొద్దు" అని అందరి దగ్గరా మాట తీసుకుంది. పెళ్లి అయ్యాక ఆ బండిలో తిరిగి రాలేదు, రాలేకపోయింది. వానలు మొదలయ్యేదాకా చిన్నమ్మ దగ్గరే ఉంది. బాపు వారానికొకసారి బస్సులో పోయి చూసి వచ్చేవాడు.

ప్రయాణం ఎట్లా జరిగిందని ఊళ్లో ఎవరు అడిగినా ఆయన ఒకే మాట చెప్పేవాడు, జన్నారం నుంచి నిద్రనే పోయిందని. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పని మనిషి కాబట్టి అందరూ నమ్మారు. తర్వాత అవ్వ ఇంటికి వచ్చాక, మంచం మీద పడుకుని ఆ మాట తనూ వినేది. వింటూ పైకప్పు వైపు చూసేది. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.